75 దాటితే పన్ను లేదంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: నాకు 76 ఏళ్లు. ప్రభుత్వ హైస్కూల్లో టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నెలకు 45 వేల పెన్షన్ ఒక బ్యాంకులో పడుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్లు మరో బ్యాంకులో ఉన్నాయి, ఏడాదికి 2.60 లక్షల వడ్డీ వస్తుంది. 2025-26లో ఆ వడ్డీ మీద 26 వేలు టీడీఎస్ (చెల్లించేటప్పుడే ముందుగా కోసే పన్ను) పట్టుకున్నారు. 75 దాటినవాళ్లకు పన్నే లేదు, రిటర్న్ వేయక్కర్లేదు అని అందరూ అంటున్నారు. నా డబ్బు తిరిగి వస్తుందా?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వస్తుంది మాస్టారూ, కానీ రిటర్న్ వేస్తేనే.

75 దాటితే పన్ను లేదన్న మాట వాట్సాప్‌లో ఏటా తిరుగుతూనే ఉంటుంది. చట్టంలో అలా లేదు. 2025-26 ఆదాయానికి వర్తించే సెక్షన్ 194పి చెప్పేది ఒక్కటే: 75 నిండినవారికి పెన్షనూ, అది పడే బ్యాంకు నుంచే వచ్చే వడ్డీ తప్ప వేరే ఆదాయం లేకపోతే, వారు డిక్లరేషన్ ఇస్తే బ్యాంకే లెక్క కట్టి పన్ను పట్టుకుంటుంది, రిటర్న్ అక్కర్లేదు. అంటే తప్పేది రిటర్న్, పన్ను కాదు. పెన్షన్ ఒకచోట, డిపాజిట్లు ఇంకోచోట ఉన్న మీకు అదీ వర్తించదు.

ఇక మీ లెక్క. పెన్షన్ 5.40 లక్షలు, వడ్డీ 2.60 లక్షలు, మొత్తం 8 లక్షలు. పన్ను లెక్కకు పాత, కొత్త అని రెండు విధానాలున్నాయి. కొత్త విధానంలో పెన్షన్ మీద 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ (అందరికీ ఒకేలా ఇచ్చే తగ్గింపు) పోతే 7.25 లక్షలు మిగులుతుంది. దాని మీద వచ్చే 16,250 పన్ను రిబేటులో (పన్ను మాఫీలో) పోతుంది, ఎందుకంటే 12 లక్షల ఆదాయం దాకా రిబేటు ఉంది. మీరు కట్టాల్సింది సున్నా.

పాత విధానంలో వయసును బట్టి రాయితీలు ఉన్నమాట నిజమే. 60 దాటితే 3 లక్షలు, 80 దాటితే 5 లక్షల వరకు పన్ను లేదు. వడ్డీలో 50 వేలు, ఇన్సూరెన్స్ లేకపోతే వైద్య ఖర్చుల్లో 50 వేల దాకా మినహాయింపు దొరుకుతుంది. ఇవన్నీ, పాత విధానంలోని 50 వేల స్టాండర్డ్ డిడక్షన్‌తో సహా తీసేసినా మీకు సెస్సుతో (పన్ను మీద పడే అదనపు పన్నుతో) కలిపి 41,600 పన్ను పడుతుంది. 'సీనియర్ సిటిజన్ రాయితీలు' అన్న పేరు చూసి చాలామంది పాత విధానం పట్టుకుని నష్టపోతున్నారు. మీరు కొత్తదానిలోనే ఉండండి.

పన్ను సున్నా అయినా రిటర్న్ మీకు తప్పనిసరి, ఎందుకంటే ఆదాయం 4 లక్షలు దాటింది. జులై 31లోపు 'సహజ్' ఫారంలో వేసి, ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయండి. ఇది మర్చిపోతే వేసినట్టే కాదు. గడువు దాటితే 5 వేలు లేట్ ఫీజు. రిఫండ్ పడాల్సిన ఖాతాను ముందే పోర్టల్‌లో వాలిడేట్ చేయించుకోండి.

వడ్డీ ఒక బ్యాంకులో ఏడాదికి లక్ష దాటితే టీడీఎస్ పట్టుకుంటారు. పన్ను సున్నా అని మీరు ముందే 15హెచ్ ఫారం (పన్ను పడదు కాబట్టి టీడీఎస్ వద్దని బ్యాంకుకిచ్చే డిక్లరేషన్) ఇచ్చి ఉంటే పట్టుకునేవారు కాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, సెక్షన్ల, ఫారాల నంబర్లు మారాయి. కాబట్టి బ్యాంకులో నంబరు చెప్పకుండా 'సీనియర్ సిటిజన్ల టీడీఎస్ డిక్లరేషన్' అని అడగండి. ఏటా ఏప్రిల్‌లోనే, డిపాజిట్ ఉన్న ప్రతి బ్యాంకులోనూ ఇచ్చి, రశీదు తీసుకోండి.