ప్రార్థన చేయలేకపోతున్నాను, నా విశ్వాసం పోయినట్టేనా?

పల్నాడు ప్రాంతం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశం ఇది. తాపీ మేస్త్రీగా పనిచేసే ఆమె భర్తకు రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఇంట్లో కుట్టుమిషను మీద వచ్చే డబ్బుతోనే మందులు, ఇంటర్ చదివే కూతురి ఫీజు నెట్టుకొస్తున్నారు. లూథరన్ సంఘంలో స్త్రీల సమాజానికి ఒకప్పుడు కార్యదర్శిగా ఉన్న ఆమె ఇప్పుడు ఆదివారం ఆరాధనకే వెళ్లలేకపోతున్నారు. బైబిలు తెరిస్తే కళ్లు మూతలు పడుతున్నాయి. రాత్రి పక్క మార్చమని భర్త మూడోసారి పిలిస్తే కోపం వస్తోంది, ఆ వెంటనే ఏడుపు వస్తోంది. "నీ విశ్వాసం చాలకే మా తమ్ముడు లేవడం లేదు, స్వస్థత కూడికకు రా" అని ఆడపడుచు పదేపదే అంటున్నారు. తన రక్షణ పోయిందేమోనని ఆమె భయం.

సోదరీ, ముందు మీ ఆడపడుచుగారి మాట సంగతి చూద్దాం. పుట్టుగుడ్డివాణ్ని చూపించి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, అతనిదీ కాదు, అతని తల్లిదండ్రులదీ కాదు అని ప్రభువు స్పష్టంగా చెప్పాడు. స్వస్థత కోసం ప్రార్థించడంలో తప్పేమీ లేదు, మీరూ ప్రార్థించండి. అయితే రోగి లేవలేదని, అతనికి రాత్రింబవళ్లు సేవ చేస్తున్న మనిషిని దోషిగా నిలబెట్టే బోధకు మన సంఘంలో చోటు లేదు. మనుషులు తమ క్రియల వల్ల కాక, క్రీస్తును బట్టి కృప చేతనే ఉచితంగా నీతిమంతులుగా తీర్చబడతారని లూథరన్ల మూల విశ్వాస ప్రకటన అయిన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలోని నాలుగో అధికరణం చెబుతుంది. ప్రార్థనకు ఎన్ని గంటలు కేటాయించామన్న లెక్క అందులో లేదు.

ఇక మీరు కోరుకుంటున్న నూతన బలం గురించి. ఉజ్జీవ కూడికల్లో కన్నీళ్లతో మోకరించినప్పుడు కలిగే ఉద్వేగాన్నే మనలో చాలామంది ఆత్మీయ నూతనత్వం అనుకుంటారు. మన లూథరన్ సంఘాలకు ఆ పేరు రావడానికి కారణమైన మార్టిన్ లూథరు, విశ్వాస పాఠాలను ప్రశ్న జవాబులుగా 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో బాప్తిస్మం గురించిన భాగాన్ని ఒకసారి మళ్లీ చదవండి. మనలోని పాత ఆదాము, అంటే పాప స్వభావం, అనుదిన పశ్చాత్తాపం వల్ల మునిగి చావాలని, కొత్త మనిషి అనుదినం లేవాలని అక్కడ ఉంది. అంటే రాత్రి విసుక్కున్న మనిషి తెల్లవారి "ప్రభువా, క్షమించు" అని లేచి పొయ్యి వెలిగించుకోవడం కూడా నూతనపరచబడడమే. ఉదయ ప్రార్థన ముగిశాక సంతోషంగా పనికి వెళ్లమని, సాయంకాల ప్రార్థన ముగిశాక వెంటనే నిశ్చింతగా నిద్రపొమ్మని అదే పుస్తకం చెబుతుంది. అందువల్ల బైబిలు ముందు కునుకు వచ్చిందని మిమ్మల్ని మీరు నిందించుకోకండి. పరలోక ప్రార్థన ఒక్కటి చెప్పుకుని పడుకోండి. అదీ నోటికి రాని రోజున "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అనే పదమూడవ కీర్తన మొదటి మాట చాలు. దేవుణ్ని అలా నిలదీయడం కూడా ప్రార్థనే.

దుఃఖంలో శరీరం మొరాయిస్తే విశ్వాసం చచ్చిందని అర్థం కాదనడానికి లూథరు భార్య కాథరీనా ఫాన్ బోరా జీవితమే సాక్ష్యం. జర్మనీలోని విటెన్‌బర్గ్‌లో తమ ఇల్లుగా మారిన పాత మఠంలో పిల్లలను, అతిథులను, భోజనానికి ఉండే విద్యార్థులను, తోటను, పశువులను ఆమే చూసుకునేది. కూతురు ఎలిజబెత్ పసితనంలోనే పోయింది, మగ్దలేనా 1542లో పదమూడేళ్ల వయసులో పోయింది. 1546లో భర్త మరణించాక, తనకు తిండి, నీళ్లు, నిద్ర ఏవీ సహించడం లేదని ఆమె తన వదినకు ఉత్తరం రాసింది. ఆ తర్వాత యుద్ధం వల్ల ఇల్లు విడిచి వెళ్లవలసి వచ్చింది, తిరిగి వచ్చి పాడైన పొలాలను నిలబెట్టుకోవడానికి పాట్లు పడింది. లూథరన్లు ఇంతగా గౌరవించే స్త్రీకే నిద్ర పట్టని రాత్రులు ఉన్నాయి.

మీ కోపం భర్త మీద కాదు, విరామం లేని రాత్రుల మీద అని నాకు అనిపిస్తోంది. మంచం పట్టిన మనిషికి పుండ్లు పడకుండా ఉండాలంటే సుమారు రెండేసి గంటలకు పక్క మార్చాలి, అది ఒక్క మనిషి ఏళ్ల తరబడి చేయగల పని కాదు. వారానికి రెండు రాత్రులైనా కూతురు కాకుండా ఇంకో పెద్ద మనిషి ఆ బాధ్యత తీసుకోవాలి. మీ ఆడపడుచుగారికి తమ్ముడి మీద నిజమైన ప్రేమ ఉంది కాబట్టి, కూడికకు పిలిచినప్పుడు వాదించకుండా, "వదినా, ఆదివారం పొద్దున రెండు గంటలు తమ్ముడి దగ్గర కూర్చోండి, నేను గుడికి వెళ్లి వస్తాను" అని అడిగి చూడండి.

మీరు రాలేకపోతే సంఘమే మీ దగ్గరికి రావాలి, అందులో మొహమాటం అక్కరలేదు. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషనులో, గడప దాటని స్త్రీల ఇళ్లకు బైబిలు స్త్రీలు నడిచి వెళ్లి, అరుగు మీదో వంటింటి గుమ్మం దగ్గరో కూర్చుని వాక్యం చదివి వినిపించేవారు. మన స్త్రీల సమాజాలకు ఆ అలవాటు వారసత్వంగా వచ్చింది. కాబట్టి నెలకొక కూడిక మీ ఇంట్లో పెట్టమని ప్రస్తుత కార్యదర్శికి కబురు పంపండి. మీ సంఘ కాపరి అయ్యగారిని పిలిచి, మీ ఇద్దరికీ ఇంటి దగ్గరే ప్రభు రాత్రి భోజన సంస్కారం ఇమ్మని అడగండి. ఆ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి మీ వారు లేచి నడవవలసిన అవసరం లేదు, మీకు ఉత్సాహం ఉండవలసిన అవసరమూ లేదు.

మరో రెండు విషయాలు. మీ వారికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం లేకపోతే గ్రామ సచివాలయంలో అడిగి, వికలాంగుల పింఛనుకు దరఖాస్తు చేసే మార్గం తెలుసుకోండి. మీకు నిద్ర, ఆకలి లేకుండా రెండు వారాలకు మించి గడుస్తున్నా, బతకడం దండగ అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, దాన్ని ఆత్మీయ లోపమని దాచుకోకుండా డాక్టరును కలవండి. కదలలేని పరిస్థితి ఉంటే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడవచ్చు.