32 స్లైడ్లలో మీ పరిశోధన ఎక్కడుంది?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఈ ఏడాది ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాను. మా మండలంలోని 48 బోర్ల నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో కొలవడం నా ప్రాజెక్టు. పీహెచ్‌డీ ప్రవేశానికి జరిగే ఇంటర్వ్యూలో దానిపై 10 నిమిషాల ప్రజంటేషన్ ఇవ్వాలని, అందులో 3 నిమిషాలు ప్రశ్నలకు పోతాయని చెప్పారు. నేను 32 స్లైడ్లు తయారు చేశాను. స్నేహితురాళ్ల ముందు చదివి చూస్తే 25 నిమిషాలు పట్టింది. ఇంగ్లిష్‌లో తడబడతానన్న భయంతో చెప్పాల్సిందంతా స్లైడ్ల మీదే రాసుకున్నాను. ఏవి తీసేయాలి? ఇంగ్లిష్‌లో ఎలా నెట్టుకురావాలి? మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తే ఏం చేయాలి?

జవాబు: మీరు పంపిన పీపీటీ మొత్తం చూశాను. ప్రాజెక్టు పని శ్రద్ధగా చేశారని తెలుస్తూనే ఉంది. ఇబ్బందంతా స్లైడ్లతోనే, దానికి కారణం కూడా మీ ఉత్తరంలోనే ఉంది. తడబడతానన్న భయంతో రాసుకున్న వాక్యాలు మీ కోసం రాసుకున్నవి. స్లైడ్ మాత్రం ఎదుట కూర్చున్నవారి కోసం ఉండాలి. ఈ రెండూ ఒకే చోట చేరడం వల్లనే సంఖ్య 32కు పెరిగింది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థుల స్లైడ్లలో నేను ఎక్కువగా చూసే లోపం ఇదే. వాళ్లకు విషయం తెలియక కాదు, నోరు ఆగిపోతే స్లైడ్ ఆదుకుంటుందన్న ఆశతో అలా చేస్తారు. కానీ అది ఆదుకోదు. తెర మీద పది వరుసలు కనబడగానే కమిటీ సభ్యులు చదవడం మొదలుపెడతారు, మీరు చదివి వినిపించేలోపే వాళ్లు చివరి వరుసకు చేరుకుంటారు, ఈ మధ్యలో మీ మాట ఎవరి చెవికీ ఎక్కదు. బొమ్మ చూపిస్తూ నోటితో వివరించినప్పుడు, అవే మాటలను తెర మీద కూడా పెడితే అవగాహన పెరగకపోగా తగ్గుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ బోధనపై చేసిన ప్రయోగాల్లో చూపించారు.

ఇంటర్వ్యూ కమిటీ మీ నుంచి కొత్త ఆవిష్కరణను ఆశించదు. చేసిన పని మీకు అర్థమైందా, ఎందుకు చేశారో చెప్పగలరా, మీ ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో మీకే తెలుసా అన్నది చూస్తుంది. ఈ నైపుణ్యం ఈ ఒక్క రోజుతో అయిపోయేది కూడా కాదు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పరిశోధక విద్యార్థి ప్రతి సెమిస్టర్‌లో పరిశోధన సలహా సంఘం ఎదుట తన పురోగతిని ప్రజంటేషన్ రూపంలో వివరించాలి, థీసిస్ సమర్పించే ముందు మరోసారి చెప్పాలి. సీఎస్‌ఐఆర్ ఇచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవారికి రెండేళ్ల తర్వాత దాన్ని ఎస్‌ఆర్‌ఎఫ్‌ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)గా మార్చే ముందు కూడా ఒక కమిటీ వారి పనిని మదింపు చేస్తుంది. నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ 42,000 అయ్యేది ఆ తర్వాతే. కాబట్టి ఇప్పుడు పడే శ్రమ వృథా పోదు.

ముందు ల్యాప్‌టాప్ మూసి కాగితం తీసుకోండి. మీరు కనుక్కున్నదేమిటో తెలుగులో, మీ అమ్మగారికి చెప్పినట్టు, ఒకే వాక్యంలో రాయండి. మీ పట్టికలు చూస్తే ఆ వాక్యం ఇలా ఉండవచ్చని నాకు తోచింది: మా మండలంలో చాలా బోర్ల నీటిలో ఫ్లోరైడ్ పరిమితిని మించి ఉంది, అలా మించినవి ఎక్కువగా కాల్షియం తక్కువగా ఉన్న బోర్లే. మీ ప్రజంటేషన్ మొత్తం ఈ వాక్యాన్ని నిలబెట్టడానికే ఉండాలి. ఇప్పుడు మీ 32 స్లైడ్లను ఒక్కొక్కటిగా తీసి, ఇది ఆ వాక్యానికి ఏ విధంగా పనికొస్తుందని అడగండి. ఫ్లోరైడ్ చరిత్ర గురించి ఐదు స్లైడ్లున్నాయి, పూర్వ పరిశోధనల జాబితా మూడు స్లైడ్లు ఆక్రమించింది, విషయసూచిక ఒకటి. వీటన్నిటికీ కలిపి ఒక్క స్లైడ్ చాలు. నల్గొండ టెక్నిక్ మీద నాలుగు ఉన్నాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే ఆ పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది, దానికి మీ జిల్లా పేరే ఉంది, దాన్ని వదలడానికి మీకు మనసొప్పదని నాకు తెలుసు. కానీ మీరు ఫ్లోరైడ్‌ను తొలగించలేదు, కొలిచారు. ఆ నాలుగూ తీసేయండి.

మిగిలిన ప్రతి స్లైడ్‌కూ శీర్షికగా పూర్తి వాక్యం పెట్టండి. 'ఫలితాలు - 3' అన్న శీర్షిక ఏమీ చెప్పదు. 'కాల్షియం తగ్గిన కొద్దీ ఫ్లోరైడ్ పెరిగింది' అంటే స్లైడ్‌లో ఏం వెతకాలో చూసేవారికి తెలుస్తుంది, కింద ఉన్న గ్రాఫ్ ఆ మాటకు సాక్ష్యమవుతుంది. శీర్షికలో ఒక నిర్ధారణ, దాని కింద జాబితాకు బదులు ఒక బొమ్మ అనే ఈ పద్ధతిని అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీర్లకు ప్రజంటేషన్లు నేర్పిన మైకేల్ ఆలీ ప్రచారంలోకి తెచ్చారు. దీనివల్ల మరో మేలు కూడా ఉంది: శీర్షిక వాక్యం రాయలేకపోయారంటే ఆ స్లైడ్‌తో ఏం చెప్పాలో మీకే ఇంకా తేలలేదని అర్థం.

అయితే శీర్షిక వాక్యంగా ఉన్నంత మాత్రాన సరిపోదు, స్లైడ్‌లోని ముఖ్యమైన సంగతి అందులోనే ఉండాలి. 2003 జనవరి 16న కొలంబియా స్పేస్ షటిల్ బయలుదేరిన కొద్ది సేపటికే ఇంధన ట్యాంకు నుంచి నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. షటిల్ కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు దాని గురించి స్లైడ్లు తయారు చేసి నాసా అధికారులకు చూపించారు. అందులో ఒక స్లైడ్ శీర్షిక, పాత పరీక్షల వివరాలు చూస్తే అంచనాలు సురక్షితమైన వైపే ఉన్నాయన్న భావం కలిగించేలా ఉంది. అసలు సంగతి మాత్రం అట్టడుగు వరుసలో చిన్న అక్షరాల్లో ఉండిపోయింది: రెక్కకు తగిలిన ముక్క పరిమాణం సుమారు 1920 ఘనపుటంగుళాలు కాగా, పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు మాత్రమే. అంటే 640 రెట్ల తేడా. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ షటిల్ ముక్కలైపోయింది, కల్పనా చావ్లా సహా అందులోని ఏడుగురు వ్యోమగాములూ చనిపోయారు. ప్రమాదానికి కారణం స్లైడ్ అని ఎవరూ అనలేదు, కానీ ఆ స్లైడ్‌ను చదివిన ఉన్నతాధికారికి అది ప్రాణాల మీదకు వచ్చిన విషయమని తోచకపోవడంలో ఆశ్చర్యం లేదని విచారణ మండలి అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన నివేదికలో అభిప్రాయపడింది. మీ 19వ స్లైడ్‌లో, ఎనిమిదో వరుసలో, నమూనాలన్నీ ఒకే వేసవిలో సేకరించినవని రాసి ఉంది. ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో నిర్ణయించే వాక్యం అదే. దాన్ని పైకి తెచ్చి, మీరే ముందుగా చెప్పండి.

ఇక 48 వరుసలు, 11 నిలువు గడులు ఉన్న ఆ పట్టిక. థీసిస్‌లో అది ఉండి తీరాలి, తెర మీద దాన్ని ఎవరూ చదవలేరు. దాని బదులు 48 చుక్కల గ్రాఫ్ వేయండి: ఒక్కో చుక్క ఒక్కో బోరు, నిలువు అక్షం మీద లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందన్నది. తాగునీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము ఆమోదయోగ్య పరిమితి, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఆ రెండు అంకెల దగ్గర రెండు అడ్డగీతలు గీస్తే, మీరు మూడు స్లైడ్లలో వివరించిన ప్రమాణాల సంగతంతా ఒక్క చూపులో తెలిసిపోతుంది. గ్రాఫ్ తెర మీదకు రాగానే ఫలితం చెప్పకండి. ముందు అడ్డంగా ఉన్న అక్షం ఏమిటో, నిలువుగా ఉన్నది ఏమిటో, ఒక చుక్క అంటే ఏమిటో చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత ఏ చుక్కల వైపు చూడాలో వేలితోనో పాయింటర్‌తోనో చూపించండి. ఆ గ్రాఫ్‌తో మీరు నెలలు గడిపారు, వాళ్లు దాన్ని మొదటిసారి చూస్తున్నారు. ఎర్రర్ బార్లు (కొలతలో ఎంత తేడా ఉండవచ్చో చూపే గీతలు) వేస్తే అవి ప్రామాణిక విచలనాన్ని చూపుతున్నాయో, ప్రామాణిక దోషాన్ని చూపుతున్నాయో, ఒక్కో నమూనాను ఎన్నిసార్లు కొలిచారో గ్రాఫ్ మీదే రాయండి. అడుగుతారు.

కాల్షియం, ఫ్లోరైడ్‌ల గ్రాఫ్ మీ ప్రజంటేషన్‌కు ప్రాణం, దానికి కనీసం ఒకటిన్నర నిమిషం ఇవ్వండి. మీ మండలంలో ఉన్నది గ్రానైట్ నేల. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి వస్తుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే కాల్షియం ఫ్లోరైడ్ కరిగే హద్దు త్వరగా వస్తుంది, కాల్షియం తగ్గితే అంతకన్నా ఎక్కువ ఫ్లోరైడ్ నీటిలో నిలవగలుగుతుంది. ఇంటర్మీడియట్‌లో చదివిన ద్రావణీయతా లబ్ధం మీ ఊరి బోర్లలో కనిపిస్తోందన్న మాట! మీ 32 స్లైడ్లలో దీనికి దక్కింది ఒకే ఒక్క వరుస. ఇక్కడ కూడా మాట జారకూడదు: 48 బోర్లలో రెండూ ఎదురెదురుగా మారాయని మీరు చూపించారు, కాల్షియమే కారణమని నిరూపించలేదు. ఈ తేడాను మీ అంతట మీరే చెబితే కమిటీకి మీ మీద గురి కుదురుతుంది.

ఇలా కుదిస్తే మొత్తం ఏడు స్లైడ్లవుతాయి: సమస్య, బోర్లు ఎక్కడున్నాయో చూపే పటం, కొలిచిన పద్ధతి, రెండు ఫలితాల గ్రాఫ్‌లు, పరిమితులు, ముగింపు. చివర థ్యాంక్యూ స్లైడ్ వద్దు. ప్రశ్నలు సాగినంత సేపూ తెర మీద ముగింపు వాక్యాలే నిలిచి ఉండాలి, కృతజ్ఞతలు నోటితో చెబితే చాలు. ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బుతో కాళ్లు వంకర్లు పోయినవారి ఫోటో మొదటి స్లైడ్‌లో పెట్టారు. వారి అనుమతి మీ దగ్గర లేకపోతే తీసేయండి, ముఖం కనబడుతుంటే మరీ ముఖ్యంగా. ఎవరి బాధనో మన పరిచయ వాక్యంగా వాడుకోవడం నాకు నచ్చదు, మీ రసాయన శాస్త్రానికి ఆ ఫోటోతో పనీ లేదు.

రూపం గురించి ఎక్కువ చెప్పను. అక్షరాలు 24 పాయింట్లకు తగ్గకూడదు, గ్రాఫ్ అక్షాల మీది అంకెలు సైతం. తెల్ల నేల మీద పసుపు గీతలు ప్రొజెక్టర్‌లో మాయమవుతాయి. పటంలో మంచి బోర్లకు ఆకుపచ్చ, చెడ్డవాటికి ఎరుపు వేశారు, ఆ రెంటి మధ్య తేడా తెలియనివారు కమిటీలో ఉండవచ్చు, నీలం, నారింజ రంగులు వాడి ఆకారాలు కూడా మార్చండి. ఊర్ల పేర్లు తెలుగులో రాశారు, బాగుంది. కానీ ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అవి ఖాళీ డబ్బాలుగా కనిపిస్తాయి, అందుకని పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ ప్రతి ఒకటి ఉంచుకోండి. నా తొలి సెమినార్‌లో సమీకరణాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారి నేను బల్ల పక్కన నిలబడిపోయాను కాబట్టి ఈ ఒక్క మాట పట్టుబట్టి చెబుతున్నాను.

ఇంగ్లిష్ సంగతి. ప్రసంగం మొత్తం బట్టీ పట్టకండి. బట్టీలో ఒక మాట జారితే తర్వాతి మాట దొరకదు. మొదటి రెండు వాక్యాలు, ఒక స్లైడ్ నుంచి మరో స్లైడ్‌కు దాటే వాక్యాలు, చివరి వాక్యం మాత్రం నిద్రలో లేపి అడిగినా వచ్చేలా నేర్చుకోండి. మిగతాది గ్రాఫ్ చూసి వివరించండి, అందుకే గ్రాఫ్ స్పష్టంగా ఉండాలి. ముందుగా రెండుసార్లు తెలుగులోనే మొత్తం చెప్పి చూడండి. తెలుగులో ఎక్కడ ఆగిపోతారో అక్కడ లోటు ఇంగ్లిష్‌లో లేదు, విషయంలో ఉంది. దాన్ని సరిచేసుకున్నాకే ఇంగ్లిష్‌లోకి రండి. పొట్టి వాక్యాలు వాడండి. ఇంగ్లిష్‌లో నిమిషానికి 100 మాటల చొప్పున లెక్కేస్తే మీ చేతిలో ఉన్నవి 700 మాటలు. అంతకు మించి రాసుకుంటే పరుగెత్తాల్సి వస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. కెమిస్ట్రీ చదవని ఒకరిని కూర్చోబెట్టి చెప్పి, నేను ఏం కనుక్కున్నానని అడగండి. మీరు కాగితం మీద రాసుకున్న మొదటి వాక్యం వారి నోట వస్తే ప్రజంటేషన్ సిద్ధమైనట్టే.

చివరగా, మధ్యలో ఆపడం గురించి. ఆపితే కంగారు పడకండి. వాళ్లు వింటున్నారు కాబట్టే ఆపుతారు. ప్రశ్న పూర్తయ్యేవరకు ఉండి, రెండు వాక్యాల్లో జవాబిచ్చి, ఆగిన చోటికి తిరిగి రండి. పద్ధతి మీద ప్రశ్నలు తప్పవు. ఫ్లోరైడ్‌ను కొలిచే పరికరమైన అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌ను నీటిలో పెట్టే ముందు టీసాబ్ ద్రావణం ఎందుకు కలిపారని అడిగితే, ల్యాబ్‌లో అలాగే చేస్తారని అనకూడదు. అది అయానిక బలాన్ని, పీహెచ్‌ను స్థిరంగా ఉంచుతుందని, అల్యూమినియం, ఇనుములతో ముడిపడిన ఫ్లోరైడ్‌ను విడిపిస్తుందని చెప్పగలగాలి. మీరు తీసేసిన స్లైడ్లలో పెద్ద పట్టిక, క్యాలిబ్రేషన్ గ్రాఫ్, నల్గొండ టెక్నిక్ వివరం ముగింపు స్లైడ్ తర్వాత దాచి ఉంచండి. ప్రశ్న అటు వెళితే నేరుగా అక్కడికి వెళ్లవచ్చు. వానాకాలం తర్వాత ఫ్లోరైడ్ ఎలా మారుతుందని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. నేను కొలవలేదు, కొలవాల్సి వస్తే ఇవే బోర్ల నుంచి అక్టోబరు, నవంబరు నెలల్లో నమూనాలు తీసి పోల్చి చూస్తానని చెప్పండి. ప్రశ్నల వల్ల సమయం మించిపోతుంటే పద్ధతి స్లైడ్‌ను ఒక్క వాక్యంతో దాటేయండి, కాల్షియం గ్రాఫ్‌ను మాత్రం వదలకండి.