ముఖద్వారం దగ్గర ఆగిపో పాపా

తిరుపతి

పాపా,

నలుగురు స్నేహితురాళ్ళు కలిసి వాకాడు దగ్గర తూపిలిపాళెం నుంచి సరుగుడు తోపుల్లో పడి, పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే రాయదొరువు ముఖద్వారం దాకా నడవబోతా ఉండారని మీ అమ్మ ఫోన్లో చెప్పినాది. చెప్పి, "అక్కా, నువ్వన్నా వద్దని చెప్పు" అనింది. నేను వద్దని చెప్పను. మన ఇళ్ళల్లో సముద్రానికి పోవడమంటే కారు దిగి, కాళ్ళు తడుపుకొని, ఫోటో దిగి రావడమే. నడిచిపోయి చూస్తానన్న పిల్లవు నువ్వే మొదలు. నాకు గర్వంగా ఉండాది, భయంగానూ ఉండాది. భయం దేనికో రాస్తాను. ఒక్కసారి కాదు, రెండుసార్లు చదువు, మిగతా ముగ్గురికీ చదివి వినిపించు.

మామూలు సంగతులు ముందు అయిపోనీ. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు చేరేదానికి తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరండి. మాఘమాసంలో ఆరున్నర దాటితేగాని పొద్దు పొడవదు, చీకట్లో తోపులోకి దిగొద్దు. టోపీ, నిండు చేతుల చొక్కా, బిగుతుగా లేని ప్యాంటు. తిండికి చింతపండు పులిహోర చాలు, పెరుగన్నం ఎండకు పులిసిపోతాది.

నీళ్ళ దగ్గర మాత్రం లోభం చేయొద్దు. మనిషికి నాలుగు లీటర్లు. బరువని ఒకరి సంచిలో తగ్గించి ఇంకొకరి మీద వేయొద్దు, ఎవరి నీళ్ళు వాళ్ళ వీపు మీదే ఉండాలి. అందులో ఒక లీటరు ఓఆర్‌ఎస్ కలిపింది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచా, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలు కాకపోగా చెడుపు. రెండు లీటర్లు అయిపోయినాయంటే యాడుంటే ఆడ్నుంచి వెనక్కి తిరగండి. ముఖద్వారం ఎదురుగా కనిపిస్తా ఉన్నా సరే.

దోవలో తగిలేవి చెప్తాను. మొదట రొయ్యల గుంటలు. కట్టల మీద నడవడం సులభమని అటు పడొద్దు. నీళ్ళు చిలికే మిషన్లకు లాగిన కరెంటు వైర్లు నేలమీదే ఉంటాయి, కొన్నిచోట్ల అతుకుల మీద ప్లాస్టిక్ కవర్ చుట్టి వదిలేసి ఉంటారు. కాపలా కుక్కలుంటాయి. మనిషి కనిపిస్తే గట్టిగా పిలిచి, అడిగి, ఆయన చూపించిన దోవనే పోండి. ఆ తర్వాత తీరానికి సమాంతరంగా పాత బకింగ్‌హాం కాలువ. పడవల కాలం పోయి ఎన్నో చోట్ల పూడి, గుర్రపుడెక్క పట్టి ఉంటాది. పైన పచ్చగా గట్టినేల మాదిరి ఉన్నా కింద బురద. వంతెన ఉన్నచోటే దాటాల.

అవతల సరుగుడు. ఇక్కడ అందరూ ఒకటే పొరపాటు చేస్తారు. పోయేటప్పుడు దోవ తప్పరు, సముద్రం హోరు వినబడతాదిగా. వచ్చేటప్పుడు తప్పుతారు. తోపంతా తాడు పట్టి నాటినట్టు వరసలు, ఏ వరస చూసినా ఒకటే. ఇసుకలో అడుగులు గాలికి గంటలో చెరిగిపోతాయి. కాబట్టి తోపు దాటి ఇసుకలోకి అడుగు పెట్టిన చోట వెనక్కి తిరిగి నిలబడి చూడు. కంటి ఎత్తున ఒక మానుకు ఎర్ర గుడ్డ కట్టు. అక్కడే నిలబడి ఫోన్లో ఆ చోటును గుర్తుపెట్టు, తోపు వైపు ఒక ఫోటో తీయి. వచ్చేటప్పుడు గుడ్డ విప్పుకొని రా. పోయినేడు ఎవరో చెప్పిన గుర్తులు నమ్మొద్దు. సరుగుడు నాలుగైదేళ్ళకు కొట్టేస్తారు, గుర్తు చెప్పిన తోపే ఉండకపోవచ్చు.

తోపులో రాలిన ఆకు మెత్తగా పరిచి ఉంటాది. ఆ మెత్తలో రక్తపింజర ముడుచుకొని పడుకుంటే పక్కనే పోతున్నా కనబడదు. అడుగు ముందు కర్ర ఆనించి నడువు, కొట్టిన కట్టెల మోపుల మీద కూర్చోవద్దు, మోపు కింద చేయి పెట్టొద్దు. కాటు పడితే కోయొద్దు, పీల్చొద్దు, గుడ్డతో బిగించి కట్టొద్దు. ఆ కాలు కదలకుండా కర్ర పెట్టి వదులుగా చుట్టి, మనిషిని నడిపించకుండా మోసుకొచ్చి 108కి ఫోన్ చేయండి. మంత్రం వేస్తామని ఎవరన్నా పిలిస్తే దండం పెట్టి వచ్చేయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, నాలుగింటికీ పనిచేసే మందు ప్రభుత్వాసుపత్రుల్లో పెడతారు. పోగొట్టుకునే ప్రతి అరగంటా మనదే.

చెప్పులు వద్దు, పట్టీలున్న శాండల్ కూడా వద్దు. పాత బూట్లు, రెండు జతల మేజోళ్ళు. దిబ్బల మీద రావణాసురుడి మీసాలని ఒక గడ్డి ఉంటాది. ఎండిన దాని గుత్తి బంతి మాదిరి గాలికి దొర్లుకుంటా వస్తాది, ముళ్ళు సూదులే. తడిసిన మేజోడులో ఇసుక చేరితే రెండు కిలోమీటర్లకే మడమ బొబ్బ ఎక్కుతాది, అందుకే రెండో జత.

ఇసుకలో నడక వేగం ఊళ్ళో లెక్క కాదు పాపా. పొడి ఇసుకలో గంటకు రెండున్నర కిలోమీటర్లు పోతే గొప్ప. నీళ్ళంచున తడిసి గట్టిపడిన ఇసుకలో నాలుగు పోవచ్చు. ఆ గట్టి ఇసుక ఎంత వెడల్పు దొరుకుతాదో ఆటుపోట్లు చెప్పాల. పొద్దున ఆటులో, అంటే నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు, గట్టి ఇసుక మీద చకచకా పోయి, మధ్యాహ్నం పోటులో, నీళ్ళు పెరిగినాక, పొడి ఇసుకలో కాళ్ళీడ్చుకుంటా రావాల్సి వస్తాది, అప్పటికి ఎండ, అలుపు, తగ్గిన నీళ్ళు. పోయేదానికి గంటన్నర పడితే వచ్చేదానికి రెండున్నర వేసుకో. పదిన్నరకు యాడున్నా వెనక్కి తిరగాల. ఈ మాట బయల్దేరే ముందే నలుగురూ ఒప్పుకోండి. అక్కడికి పోయినాక "ఇంకొంచెమే" అనే వాళ్ళు ఒకరుంటారు.

ఇంక ముఖద్వారం. ఈ ఉత్తరం రాసిందే దీనికోసం.

మీ చిన్నతాత, ఆయన ఇద్దరు బావమరుదులు ఒకసారి ఇట్లాంటి ముఖద్వారమే దాటినారు. పొద్దున నీళ్ళు మోకాటికి కిందే. అడుగున ఇసుక గట్టిగా, నీళ్ళు తేటగా, అవతలి గట్టు వంద అడుగులు కూడా లేదు. పంచెలు ఎగ్గట్టి నవ్వుకుంటా దాటినారు. అవతల సద్ది తిని, నీడన కునుకు తీసి, మూడు గంటలకు వచ్చి చూస్తే అదే గట్టు, అంతే వెడల్పు. పొద్దున దాటినాం కదా అని ఒకరి వెనక ఒకరు విడివిడిగా దిగినారు. సగం దూరం పోయేసరికి నడుము లోతు. అక్కడ నిలబడితే పాదాల చుట్టూ ఇసుకను నీళ్ళు తవ్వుకొని పోతాయి, కాలు మార్చేలోపు ఇంకో జానెడు గుంట పడతాది. చిన్న బావమరిది కాలు నిలవలా, పడిపోయినాడు. తెప్ప దగ్గర వల సర్దుకుంటా ఉన్న ఒకాయన చూసి, పరిగెత్తి తెడ్డు చాపబట్టి దొరికినాడు. మీ చిన్నతాత గట్టెక్కినాక ఒక్క మాట మాట్లాడలేదంట. అటు తర్వాత ఆయన యాడ నీళ్ళు కనిపించినా ముందు ఒక పుల్ల విసిరి చూసేవాడు. తిరుచానూరు దగ్గర స్వర్ణముఖిలో పాదం తడిసేన్ని నీళ్ళున్నా సరే, పుల్ల విసిరి, దాని పక్కనే గట్టు మీద నడిచి చూసేవాడు. పిల్లలం మాకది ఆటగా ఉండేది. పుల్ల మన నడక కంటే వేగంగా పోతే ఆ నీళ్ళలో దిగకూడదని చాన్నాళ్ళకు అర్థమైంది.

వాళ్ళు నీళ్ళ లోతు చూసినారు గానీ వేళ చూడలేదు. ఈ తీరాన ఆటుకూ పోటుకూ తేడా మహా అయితే మీటరు చుట్టుపక్కలే, అందుకే జనం తేలిగ్గా తీసుకుంటారు. మోకాటి లోతుకు మీటరు కలిపి చూడు, నీ ఛాతీ దాటుతాది. ఆటు నుంచి పోటుకు సుమారు ఆరు గంటలు. ఆ ఆరు గంటలూ నీళ్ళు ఒకే తీరున పెరగవు. మొదటి గంటలో పన్నెండో వంతే, రెండో గంటలో దానికి రెండింతలు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు, అంటే ఆ రెండు గంటల్లోనే సగం. మొదటి గంట చూసి "పెద్దగా పెరగడం లేదులే" అనుకున్నోళ్ళు మూడో గంటలో చిక్కుకుంటారు. పౌర్ణమి, అమావాస్యలకు పోటు పెద్దది, అష్టమి నవములకు చిన్నది. వేళ కూడా రోజుకు యాభై నిమిషాలు ఆలస్యమవుతాది, శనివారం లెక్క ఆదివారానికి పనికిరాదు.

ఇంకొక చిక్కు. పులికాట్ మాదిరి పెద్ద సరస్సుకు సన్న గొంతు ఉంటే, సముద్రంలో పోటు మొదలైనాక కూడా లోపలి నీళ్ళు కొంతసేపు బయటికే లాగుతా ఉంటాయి. పట్టికలో ఆటు ఏడింటికని ఉంటే గొంతులో నీళ్ళు నిలకడయ్యేది ఏడింటికి కాదు, ఆ తర్వాత ఎప్పుడో. బయటికి లాగే నీళ్ళే ఎక్కువ ప్రమాదం, పడితే సముద్రంలోకే. వాన సంగతీ అంతే. స్వర్ణముఖి మన పాకాల కొండల్లో పుట్టి వాకాడు వైపే పోయి సముద్రంలో కలుస్తాది. ఇక్కడ కొండల్లో వాన కురిస్తే అక్కడ ఎండ కాస్తా ఉన్నా నీళ్ళు పెరుగుతాయి. 2021 నవంబరులో ఆ ఏరు ఎట్ల పొంగిందో నువ్వు చూసినావు.

అందుకని దాటొద్దు. లోతు ఎంతున్నా, అవతల ఎంత బాగున్నా. ఇవతలి గట్టు మీద కూర్చొని చూసి రా. గట్టు అంచున నిలబడొద్దు, కింద నీళ్ళు తొలిచి ఉంటాయి, పైన ఇసుక చూరు మాదిరి నిలబడి ఉంటాది, మనిషి బరువుకు ఊడిపోతాది. నా మాట వినక ఎవరైనా దాటి అవతల చిక్కుకుంటే, మీరు ఈదొద్దు, వాళ్ళను ఇటు రమ్మని పిలవొద్దు, ఎదురెళ్ళొద్దు. ఎత్తయిన పొడి ఇసుక మీద కూర్చోమని సైగ చేసి, పాళెంలోకి పోయి పడవ అడగండి. మళ్ళీ ఆటు వచ్చేదానికి ఆరు గంటలు పట్టినా పట్టనీ.

పొద్దున పాళెంలో దిగినప్పుడే వేటకు పోయొచ్చిన పెద్దాయన ఎవరినైనా "తాతా" అని పిలిచి మూడు సంగతులు అడుగు: ముఖద్వారం తెరుచుకొని ఉండాదా పూడిందా, ఈరోజు పోటు ఎన్నింటికి, నీళ్ళు ఏ పక్కకు లాగుతా ఉండాయి. ముఖద్వారం పూడితే వాళ్ళకు చేప రాదు, రొయ్య రాదు, కాబట్టి దాని సంగతి వాళ్ళకంటే తెలిసినోళ్ళు లేరు. ఒడ్డు నుంచి తాళ్ళతో లాగే అలివి వల లాగుతా ఉంటే ఆ తాడు దాటకుండా వెనకనుంచి చుట్టి పో. బిగిసిన తాడు ఒక్కసారి ఎగిరితే కాలు విరుగుతాది.

సముద్రంలో మోకాలి దాకానే. అక్కడ కాపలా ఉండరు. అలలు రెండు పక్కలా విరుగుతా మధ్యలో ఒకచోట విరగకుండా నున్నగా, కొంచెం నల్లగా కనిపిస్తే అది స్నానానికి మంచి చోటు కాదు, నీళ్ళు లోపలికి లాగే దోవ. చిక్కుకుంటే ఒడ్డుకు ఎదురీదొద్దు, వెల్లకిలా తేలి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు పోయి, అలలు విరిగే చోట బయటపడాల.

ఈ నెలల్లో తాబేళ్ళు గుడ్లు పెట్టేదానికి ఒడ్డుకొస్తాయి. ట్రాక్టరు చక్రం జాడ మాదిరి ఇసుకలో చార కనిపిస్తే దాని కొసన గుడ్లుంటాయి, తొక్కొద్దు, తవ్వి చూడొద్దు. ఒక్కొక్క గూట్లో వంద దాకా ఉంటాయి. చచ్చి కొట్టుకొచ్చినవీ కనిపిస్తాయి. నువ్వు చిన్నప్పుడు చచ్చిన పిచ్చుకను చూసి అన్నం మానేసినదానివి. ముందే చెప్తే తట్టుకుంటావని చెప్తా ఉండా.

మొండిగా ఉండొద్దు తల్లీ. ఒకరికి తల తిరిగితే నలుగురూ వెనక్కి రండి, ఇద్దరిద్దరుగా విడిపోవద్దు. ఫోన్లు రెండు ఆపి సంచిలో పెట్టండి, రెండే వాడండి.

బయల్దేరే ముందు రోజు ఆ తేదీ ఆటుపోట్ల వేళలు, పాళెం దాకా తీసుకుపోయే ఆటో ఆయన నంబరు, మీ నలుగురి ఇళ్ళ నంబర్లు ఒకే కాగితం మీద రాసి, ఫోటో తీసి నాకు పంపు. పదిన్నరకు తిరిగినాక సిగ్నల్ దొరికిన చోట "తిరిగినాం" అని ఒక్క ముక్క పంపితే చాలు. రెండింటిదాకా చూస్తాను. రాకపోతే ఆటో ఆయనకు చేస్తాను, మూడింటికి 112కి చేస్తాను. మీ అమ్మకు మాత్రం నువ్వు ఇంటికొచ్చినాకే చెప్తాను.

మీ పెద్దమ్మ