శనివారం బొమ్మల పీరియడు గురించి

చిరంజీవి రమ్యకు పెద్దనాన్న ఆశీస్సులు.

మీ బడిలో ఆరు, ఏడు తరగతులకు శనివారం బొమ్మల పీరియడు పెట్టబోతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. సంబరపడి వీధిలో అందరికీ చెప్పుకొచ్చాను. రాత్రికి బెంగ పట్టుకుంది. సైన్సు టీచరువి, ఈ బరువు నెత్తిన పెట్టుకోమని నీకెవరు చెప్పారే?

హెడ్మాస్టరు అనుమతి కాగితం మీద తీసుకో. పిల్లలచేత రంగులు కొనిపించకు. బొగ్గు, సుద్ద, జాజు, పసుపు చాలు. పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడు లెక్కలకు ఇమ్మంటారు. ఇవ్వకు. 2020 జాతీయ విద్యావిధానం కళలకూ సైన్సుకూ మధ్య అడ్డుగోడలు వద్దన్నదని చెప్పు.

అసలు సంగతికి వస్తాను. మా బడిలో డ్రాయింగు మాస్టారు మంచివాడు, చేతిలో పనితనం ఉన్నవాడు. బోర్డు మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు వేసేవారు. పిల్లలు అదే దించేవారు. కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర తాటిచెట్లే! కొబ్బరిచెట్టును క్యాలెండరులో తప్ప చూడని పిల్లలు ఏళ్ల తరబడి కొబ్బరిచెట్లే వేశారు. అయితే, ఒక కల్లుగీత కార్మికుడి కొడుకు ఒకసారి తాటిచెట్టు వేశాడు. నడుముకు మోకు, మడమలు చెట్టుకు తన్నిపట్టిన తీరు, గెలకు కట్టిన లొట్టి, దాని మూతి దగ్గర ముసిరిన ఈగలు, అన్నీ ఉన్నాయి. మనిషి తల మాత్రం చెట్టుకన్నా పెద్దది. మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేసి, బోర్డు చూసి వేయమన్నారు. వాడు వేశాడు. మార్కులు కూడా వచ్చాయి. ఆ తరవాత పదో తరగతి దాకా వాడి నోట్సులో కొబ్బరిచెట్టే. తెలుగు వ్యాసంలోనూ అంతే. ఊరి గురించి రాయమంటే గైడులోని ఊరిని రాసేవాడు. నేను దిద్దేవాణ్ని కాబట్టి నాకు తెలుసు.

అందుకే, బోర్డు మీద బొమ్మ వేయకు. నీకు బాగా వచ్చు, చేయి ఊరుకోదు, అయినా వేయకు. చిన్నప్పుడు మా గోడంతా నెమళ్లతో నింపేశావు, పెద్దమ్మ ఇప్పటికీ సున్నం వేయనివ్వడం లేదు.

ఆ జాతీయ విద్యావిధానంలోనే ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పదిరోజులు సంచి లేని బడి అన్నారు. కుమ్మరి, వడ్రంగి, చిత్రకారుల దగ్గర పని చూడాలట. గుడ్డ మీద కథల పటాలు వేసే చేర్యాల తీసుకెళ్లు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూత వేయడం చూపించమను. మార్కండేయ పురాణం పటం పరిచి కూనపులివాళ్లు నేతపని చేసే పద్మశాలీలకు కథ చెప్పేవారని అక్కడే చెప్పు. మీ తరగతిలో నేతపనివారి పిల్లలుంటే వాళ్ల తాతలను అడిగి రమ్మను.

పోటీలకు మాత్రం ఈ ఏడాది పంపకు. బహుమతి ఒకరికి వస్తే మిగతా నలభైమంది తమకు బొమ్మ రాదని పన్నెండేళ్లకే తేల్చుకుంటారు. నన్ను చాదస్తుడనుకున్నా సరే.

జిగురుకు చింతగింజలు పెద్దమ్మ ఎండబెట్టి ఉంచింది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు. పోయినసారి తీసుకెళ్లిన స్టీలు డబ్బా కూడా తేవాలట.

మీ పెద్దనాన్న