శిల్పం సంగతి తర్వాత, ముందు ఆ నేల సంగతి చూడు

తల్లీ,

ఆ కొత్త భవనం ముందు ప్లాజాలో, అంటే ఆ ఖాళీ ఆవరణలో, శిల్పం పని నీకే ఇచ్చారని తెలిసి చాలా సంతోషమేసింది. నమూనా ఫొటోలు చూశాను. బాగుంది, పొగడ్తలు తర్వాత పెట్టుకుందాం. "ఎంత ఎత్తు పెట్టమంటారు మామయ్యా?" అని అడిగావు కదా, దానికి జవాబు నీ స్టూడియోలో దొరకదు, ఆర్కిటెక్ట్ టేబుల్ మీదుంది. వెంటనే వెళ్లి ఆయన్ని కలువు. నేల మీద ఏ రాయి పరచాలో తేల్చకముందే, లైట్ల పాయింట్లు ఖరారు కాకముందే వెళ్లాలి. అన్నీ అయిపోయాక వెళ్తే నీ వంతుకి ప్లాన్‌లో ఒక గుండ్రం మిగులుతుంది, అందులో ఎంత గొప్ప శిల్పం పెట్టినా ఎవరో తెచ్చి అక్కడ దించిపోయినట్టే ఉంటుంది.

ప్లాన్ చేతికి రాగానే పెన్సిల్ తీసుకుని బస్టాప్ నుంచి గుమ్మానికి, గుమ్మం నుంచి ఎదుటి రోడ్డుకి గీతలు గియ్యి. ఆఫీసుకి లేటయిన మనిషి అందంగా పరిచిన బాట వెంట రాడు, అడ్డంగా పడి వస్తాడు. నీ శిల్పం ఆ గీతల మీద పడుతోందా, పక్కన పడుతోందా చూసుకో. గీత మీద పెట్టకూడదని కాదు, పెడుతున్నావని తెలిసి పెట్టాలి.

ఈ విషయంలో న్యూయార్క్ ఫెడరల్ ప్లాజా కథ తెలుసుకోవాల్సిందే. 1981లో రిచర్డ్ సెర్రా అనే అమెరికన్ శిల్పి అక్కడ 'టిల్టెడ్ ఆర్క్' అని 120 అడుగుల పొడవు, 12 అడుగుల ఎత్తున్న ఉక్కు గోడ నిలబెట్టాడు. కాస్త ఒరిగి, వంపు తిరిగి, ప్లాజాని అడ్డంగా కోసుకుంటూ పోయే గోడ. మనిషి నడకని ఆపి, ఆ చోటుని కొత్తగా చూసేలా చెయ్యాలన్నదే ఆయన ఉద్దేశం. కానీ రోజూ దాని చుట్టూ తిరిగి ఆఫీసుకి వెళ్లాల్సిన ఉద్యోగులకి ఒళ్లు మండింది. 1985లో బహిరంగ విచారణ పెట్టారు. అక్కడ మాట్లాడినవాళ్లలో ఉంచమన్నవాళ్లే ఎక్కువ, అయినా తీసేయాలనే నిర్ణయించారు. ఇంకెక్కడైనా పెట్టుకోమంటే సెర్రా ఒప్పుకోలేదు, ఆ చోటు కోసం చేసింది అక్కణ్నించి కదిలితే ఇక అది ఆ పనే కాదన్నాడు. కోర్టుకెళ్లాడు, ఓడిపోయాడు. 1989లో ముక్కలుగా కోసి తీసుకెళ్లారు. నన్నడిగితే శిల్పంగా అది గట్టి పనే, సెర్రా వాదనా సబబే. కానీ రోజూ అక్కడ నడిచేవాళ్లని ముందే కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో.

దీనికి పూర్తిగా ఎదురు, షికాగో ఫెడరల్ సెంటర్లో అమెరికన్ శిల్పి కాల్డర్ చేసిన 'ఫ్లమింగో' అనే శిల్పం, 1974 నాటిది. చుట్టూ ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె కట్టిన నల్లటి ఉక్కు, గాజు భవనాలు, అన్నీ నిట్టనిలువు గీతలే. వాటి మధ్య ఎర్రగా, వంపులు తిరిగి ఇది నిలబడింది. భవనాలూ ఉక్కే, ఇదీ ఉక్కే, అంటే మెటీరియల్ దగ్గర చుట్టరికం కలుపుకుని రంగులో, ఆకారంలో ఎదురు తిరిగింది. ఇక నీ ఎత్తు ప్రశ్నకి వస్తే, ఇది 53 అడుగులు, పక్కనున్న టవర్ 45 అంతస్తులు. కాల్డర్ ఆ టవర్‌తో పోటీకి దిగలేదు. ఆ కమానుల కిందుగా మనిషి నడిచి వెళ్లొచ్చు, అంత పెద్ద భవనానికీ ఇంత చిన్న మనిషికీ మధ్య కొలత ఒకటి దొరికింది. కాబట్టి ఎత్తుని భవనాన్ని చూసి మాత్రమే తేల్చకు, దాని కింద నిలబడి తల పైకెత్తే మనిషిని కూడా లెక్కలోకి తీసుకో.

బరువు సంగతి మర్చిపోకు. ఇప్పుడు చాలా ప్లాజాల కింద మట్టి ఉండదు, పార్కింగ్ ఉంటుంది. షికాగోలోనే మిలీనియం పార్కులో శిల్పి అనీశ్ కపూర్ చేసిన 'క్లౌడ్ గేట్' 110 టన్నుల వరకూ ఉంటుంది, ఆ పార్కు కిందంతా గ్యారేజీ, రైలు పట్టాలు. అంత బరువు మోయడానికి కింద కట్టడాన్ని బలపరచాల్సి వచ్చింది. నీది అందులో పదో వంతున్నా సరే, కింద స్తంభాలు ఎక్కడొస్తున్నాయో స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని అడిగాకే చోటు తేల్చు. సెర్రా వాడిన తుప్పు రంగు ఉక్కు నీకూ ఇష్టమని తెలుసు. మొదటి కొన్నేళ్లు వాన పడ్డప్పుడల్లా తుప్పు నీళ్లు కారతాయి. కింద తెల్ల రాయి పరిచారా, మరకలు పోవు, తిట్లు నీకే.

అగ్రిమెంట్ చదవకుండా సంతకం పెట్టకు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకి చేసిన పెద్ద కంచు మ్యూరల్‌ని (గోడ శిల్పాన్ని) 1979లో ఆయనకి ఒక్క మాటైనా చెప్పకుండా ఊడదీశారు, పని పాడైపోయింది. హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చేసరికి 2005 వచ్చింది. అందుకే కదిలించాలన్నా, రంగు మార్చాలన్నా నిన్ను అడగాలని, ఏటా శుభ్రం చేసే బాధ్యత ఎవరిదన్నది కాగితం మీద రాయించుకో. మొహమాటపడకు.

డ్రాయింగులు రాగానే నాకూ పంపు. సెక్షన్ (నిలువుగా కోసినట్టు చూపే డ్రాయింగు) కూడా ఉండాలి, ఒట్టి ప్లాన్ పంపితే నేను చూడను.

మామయ్య