కుండీలోని కరివేపాకుకు కొత్త ఆకులు పసుపుగా వస్తుంటే ఏ ఎరువు వేయాలి?

మీ ప్రశ్నను బట్టి నాకు అర్థమైనది ఇది. రెండేళ్ల కరివేపాకు మొక్క డాబా మీద కుండీలో ఉంది. బోరు నీళ్లు పోస్తున్నారు. నెలనెలా వర్మీ కంపోస్టు వేశారు, రెండుసార్లు వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోశారు, చివరికి ఎప్సమ్ సాల్ట్ కూడా ఇచ్చారు. అయినా కొసన వచ్చే కొత్త ఆకులు పసుపుగానే వస్తున్నాయి, వాటి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి, కింది ముదురు ఆకులు బాగానే ఉన్నాయి. (మన మాటల్లో పచ్చ అన్నది ఆకుపచ్చకూ, పచ్చకామెర్లలో ఉన్న పసుపుకూ రెండింటికీ చెల్లుతుంది కాబట్టి ఇక్కడ పసుపు, ఆకుపచ్చ అనే విడివిడిగా రాస్తున్నాను.) ఇంకే ఎరువు వేయాలని అడిగారు. ప్రస్తుతానికి ఏదీ వేయవద్దనే నా సమాధానం, ఎందుకంటే మీరు వర్ణించిన లక్షణం ఇనుము లోపానిది, ఆ లోపం చాలా కుండీల్లో ఇనుము లేక రాదు, ఉన్న ఇనుమును వేరు తీసుకోలేకపోవడం వల్ల వస్తుంది.

హైదరాబాదులో మా డాబా మీద 2021 వేసవిలో సరిగ్గా ఇదే జరిగింది. అప్పటికి మూడేళ్లుగా కోసుకుంటున్న మొక్క ఫిబ్రవరి చిగుళ్లతో పాటే పసుపెక్కడం మొదలుపెట్టింది. బలం తగ్గిందనుకొని ముందు చెక్క నీళ్లు పోశాను, తరువాత భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ ఎరువు ఒక గుప్పెడు వేశాను. ఏప్రిల్ నాటికి కొస ఆకులు దాదాపు తెల్లబడి అంచులు మాడిపోయాయి. భాస్వరం ఎక్కువైతే ఇనుము, జింక్ మొక్కకు అందడం మరింత కష్టమవుతుందని నాకు అప్పుడు తెలియదు. నర్సరీలో ఇచ్చిన సూక్ష్మపోషకాల పొడిని మట్టిలో కలిపినా మార్పు కనిపించలేదు. జూన్ చివర్లో వారం రోజులు వాన పడి, ఆ వారమంతా నేను నీళ్లు పోయని కారణంగా, జూలైలో వచ్చిన చిగుళ్లు ఎవరో రంగు వేసినట్లు ఆకుపచ్చగా వచ్చాయి. అప్పుడు గాని తప్పు నీటిలో ఉందేమోనన్న ఆలోచన రాలేదు.

వంటింట్లో ఆర్వో యంత్రం వదిలే నీటిని వృథా చేయకూడదని అప్పటికి రెండేళ్లుగా ఆ కుండీకే పోస్తూ వచ్చాను. ఆ యంత్రం బోరు నీటిలోని లవణాలను వడకట్టి మనకు మంచినీరు ఇచ్చి, ఆ లవణాలన్నిటినీ వదిలే నీటిలోకి నెడుతుంది, కాబట్టి అసలే గట్టి నీరు మరింత గాఢంగా మారి కుండీలోకి చేరుతుంది. పొలంలో అయితే వాన ఆ ఉప్పును కిందికి దింపేస్తుంది, కుండీలో అది పేరుకుపోతూ ఉంటుంది. బోరు నీటిలోని బైకార్బనేట్లు మట్టిని క్షార గుణం వైపు లాగుతాయి, పీహెచ్ (మట్టి పులుపు, క్షార గుణాల కొలత) ఏడున్నర దాటితే ఇనుము నీటిలో కరగని రూపంలోకి మారుతుంది. నేను మట్టిలో కలిపిన పొడి కూడా అలాగే చిక్కుకుపోయిందన్నమాట. మీ ఇంట్లోనూ ఆర్వో వదిలే నీళ్లు ఆ కుండీకి వెళుతున్నాయేమో దయచేసి ముందు చూడండి. మీరు ప్రశ్నలో రాయలేదు గాని ఈ అలవాటు చాలా ఇళ్లలో ఉంది.

ఆకును చదవడంలో అన్నిటికన్నా ముఖ్యమైనది పసుపు ఎక్కడ మొదలైందన్నది. నత్రజని, పొటాష్, మెగ్నీషియం వంటివి తక్కువైతే మొక్క ముదురాకుల నుంచి వాటిని లాగి చిగుళ్లకు పంపుతుంది, అందుకే ముందు కింది ఆకులు పాడవుతాయి. ఇనుము, జింక్, మాంగనీసు అలా సులువుగా కదలవు, అందుకే వాటి లోపం కొత్త ఆకులో కనిపిస్తుంది. కింది ఆకు ఈనెలతో సహా మొత్తం వెలిసిపోతే నత్రజని, కింది ఆకు అంచులు మాడితే పొటాష్, కింది ఆకులో ఈనెల మధ్య భాగం పసుపెక్కితే మెగ్నీషియం అని అనుమానించవచ్చు. మీ మొక్కకు ఎప్సమ్ సాల్ట్ పనిచేయకపోవడానికి కారణం ఇదే, అది మెగ్నీషియం ఇస్తుంది, మీ కింది ఆకులేమో బాగున్నాయి. కొత్త ఆకులు పసుపుతో పాటు బాగా చిన్నవై, కణుపులు దగ్గరై గుత్తిగా వస్తే జింక్ లోపం కూడా కలిసి ఉంటుంది. కరివేపాకు నిమ్మ, నారింజల కుటుంబానికే చెందినది కనుక మీ ఇంట్లో నిమ్మ కుండీ ఉంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి, నిమ్మ ఆకు పెద్దది కాబట్టి ఈనెల వల మరింత స్పష్టంగా తెలుస్తుంది.

అయితే ఇనుము అని నిర్ధారించుకునే ముందు వేరు చూడాలి. వేలిని రెండు కణుపుల లోతు మట్టిలో దించినప్పుడు రోజూ తడిగానే తగిలితే, లేదా కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయి ఉంటే, ఊపిరాడని వేరు కూడా ఇనుమును తీసుకోలేక ఇదే లక్షణం చూపిస్తుంది. మొక్కను మట్టి ముద్దతో సహా మెల్లగా పైకి తీసి చూడండి. వేర్లు తెల్లగా గట్టిగా ఉంటే మంచిది, గోధుమ రంగులో మెత్తబడి వాసన వస్తే సమస్య అక్కడే ఉంది. డిసెంబరు, జనవరిలో ముదురాకులు పసుపెక్కి రాలడం మాత్రం చలికి సహజమే, దానికి మందు అక్కర్లేదు.

నీటి దోషాన్ని పట్టుకోవడానికి పెద్ద ఖర్చు కాదు. కుండీ అంచున, మట్టి పైన తెల్లని పొర ఉందేమో చూసి, దాన్ని కొంచెం గీకి దాని మీద నిమ్మరసం వేయండి, బుసబుస పొంగితే అది సున్నపు జాతిది. పీహెచ్ పట్టీలతో మీరు పోసే నీటినీ, కుండీ కింద కారిన నీటినీ రెండింటినీ పరీక్షించండి. మా కుండీ కింది నీరు ఎనిమిది చూపించింది.

ఇక నేను చేసినది చెబుతాను. పైపైన రెండు అంగుళాల మట్టి తీసేసి, పట్టిన వాన నీటిని కుండీ పరిమాణానికి రెండింతలు నెమ్మదిగా పోసి కింది నుంచి పూర్తిగా కారనిచ్చాను. ఆ తరువాత ఆకుల మీద లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట పిచికారీ చేశాను, పది రోజులకు మరొకసారి చేశాను. వేరుశనగ రైతులు ఇనుము లోపానికి వాడే మోతాదే ఇది. అన్నభేది లేత ఆకుపచ్చ పలుకుల్లా ఉండాలి, దుకాణంలో ఇచ్చినది తుప్పు రంగుకు తిరిగి ఉంటే తీసుకోవద్దు, కలిపిన నీటిని కూడా అదే రోజు వాడేయాలి. నేల మీద పడితే తుప్పు మరకలు పోవు కనుక కింద గోనె పరచండి. ఇది మనం తినే ఆకు, కాబట్టి పిచికారీ చేశాక కనీసం రెండు వారాలు కోయకుండా, ఆ తరువాత కూడా బాగా కడిగి వాడుకోవాలని నా అభిప్రాయం. మట్టిలోనే ఇనుము ఇవ్వాలనుకుంటే చీలేటెడ్ ఇనుము (మట్టిలో చిక్కుకోకుండా మరో పదార్థంతో పట్టి ఉంచినది) కావాలి, అందులో ఈడీటీఏ రకం క్షార మట్టిలో నిలవదు, ఈడీడీహెచ్‌ఏ రకం చీలేటెడ్ ఇనుమునే అడగండి, ధర ఎక్కువైనా అది పనిచేస్తుంది.

పుల్లటి మజ్జిగ పోయమని మా అత్తగారు మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. అందులో న్యాయం ఉంది, పులుపు కాసేపైనా వేరు దగ్గరి క్షారాన్ని తగ్గిస్తుంది. కానీ రోజూ గట్టి నీరు పోస్తూ పదిహేను రోజులకొకసారి గ్లాసుడు మజ్జిగ పోస్తే ఆ నీటిదే పైచేయి అవుతుంది. బోరు నీరు తప్ప మరో దారి లేని రోజుల్లో నేను బకెట్ నీటిలో చిటికెడు చిటికెడుగా నిమ్మ ఉప్పు కలుపుతూ, పట్టీ ఆరున్నర చూపించే దాకా సరిచేసి పోస్తున్నాను. ఎంత పడుతుందన్నది మీ నీటి గట్టిదనాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి నా కొలత మీకు చెప్పడం సరికాదు.

ఇప్పటికే పసుపెక్కిన ఆకుల మీద పిచికారీ పడిన చోట మచ్చలు మచ్చలుగా ఆకుపచ్చ తిరుగుతుంది గాని అవి పూర్తిగా కోలుకోవు, వాటిని చూసి నిరాశపడి మళ్లీ ఎరువు వేయకండి. చూడవలసింది తరువాత వచ్చే చిగురును. మా మొక్కకు ఆ చిగురు రావడానికి మూడు వారాలు పట్టింది. అది కూడా ఈనెల మధ్య పసుపుగానే వస్తే, కుండీ కింద కారిన నీటి పీహెచ్, వేర్ల రంగు, కొత్త ఆకుల పరిమాణం ఈ మూడూ ఇక్కడే రాయండి, జింక్ సంగతి అప్పుడు చూద్దాం.