వీలునామా మనమే రాసుకోవచ్చు కదా, ప్రత్యేకంగా లాయర్ ఎందుకు?

రాసుకోవచ్చు. ఆస్తి కొద్దిగా ఉండి, వారసులు ఒకరిద్దరే అయితే చాలామందికి అది సరిపోతుంది కూడా. కానీ వీలునామాల లాయర్ చేసే అసలు పని రాత కాదు, రేపు ఏం మారొచ్చో ఇవాళే అడగడం.

ఒక తండ్రి "ఇల్లు అబ్బాయికి, బ్యాంకులో డబ్బు అమ్మాయికి" అని రాశాడనుకోండి. రాసిన రోజు రెండిటి విలువా ఒకటే. తర్వాత ఆయన జబ్బుపడి, ఆ డబ్బంతా వైద్యానికే అయిపోయింది. వీలునామా చెల్లుతుంది. అబ్బాయికి ఇల్లు వస్తుంది, అమ్మాయికి ఖాళీ ఖాతా మిగులుతుంది. ఆ తండ్రి కోరుకున్నది ఇది కాదు కదా! అనుభవం ఉన్న లాయర్ అయితే మొత్తం ఆస్తిలో చెరి సగం అని రాయిస్తారు. అబ్బాయి ముందే పోతే అతని వాటా ఎవరికని కూడా అడుగుతారు. ఇంట్లోవాళ్లు నోరు తెరిచి అడగలేని ప్రశ్న అది.

సాక్షుల విషయంలో మరీ జాగ్రత్త. ఇంగ్లాండులో 1837 నాటి వీలునామాల చట్టం ప్రకారం, సాక్షి సంతకం పెట్టిన మనిషికి గానీ, వారి భార్యకు లేదా భర్తకు గానీ రాసిన ఆస్తి మామూలుగా చెల్లదు. మీరు ఎక్కడున్నా సరే, వాటా ఉన్నవాళ్లతో సాక్షి సంతకం పెట్టించకండి.

రెండో పెళ్లి, మైనర్ పిల్లలు, కుటుంబ వ్యాపారం, వేరే దేశంలో ఆస్తి: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా లాయర్‌ని కలవండి. ఆస్తుల జాబితాతోపాటు అప్పుల జాబితా కూడా పట్టుకెళ్లండి, ఎందుకంటే సాధారణంగా అప్పులు తీరాకే పంపకం.